అరవై ఒక్క రోజులు

ఏప్రిల్ పదిహేను దాటింది.
పెదజాలారిపేట ఇసక మీద
పడవలు బోర్లా పడుకున్నాయి.
వలలు బాగుచేసుకుంటూ ఎంతసేపని కూర్చుంటాడు,
ఎల్లాజీ ఆటు వేళ రాళ్ళలోకి దిగి
నాకు ముళ్ళకాయలు ఏరి తెస్తాడు
పెయింటు డబ్బాలో, తడిగోనె కప్పి.
"ఇరవై ఉన్నాయి మేడమ్. ఒకటి నన్ను పొడిసింది,
దానికి డబ్బులొద్దు."

ఉప్పుమందు చుక్క ఎక్కిస్తే
గాజుగిన్నె అడుక్కి
గసగసాల్లా గుడ్లు జారతాయి.
ప్రతి గుడ్డులోనూ తల్లి ముందే రాసిపెట్టిన చీటీలు:
ఏ ప్రొటీను చెయ్యాలో, ఎలా చెయ్యాలో.
చీటీలున్నాయి, చేసే మరలున్నాయి,
చదవడమే జరగదు.
చీటీ కొస పట్టి మరకి అందించే చెయ్యి ఒకటుంది.
ఆ చేతిని ఇంకో చెయ్యి
గట్టిగా పట్టుకుని ఉంటుంది.

రాత్రి బీచిరోడ్డు గోడ మీద కూర్చుంటే
దూరంగా లంగరేసిన ఓడల దీపాలు కనిపిస్తాయే,
నిండా సరుకుతో, బెర్తు కోసం,
పైలట్ పడవ పిలుపు కోసం
రోజుల తరబడి కాసుకుని,
గుడ్డు లోపల అలా ఉంటుంది.

మగకణం తాకుతుంది.
పట్టుకున్న చెయ్యి
నిమిషాల్లో కరిగిపోతుంది.
ఓడలు కదుల్తాయి.
గంటో గంటన్నరో, ఒకటి రెండవుతుంది.
పదేళ్ళుగా చూస్తున్నాను,
ఇప్పటికీ ఆ గీత పడే వేళ
టీ ముట్టను.

మే నెలలో ఎల్లాజీ రెండు రోజులు రాలేదు.
మూడోరోజు డబ్బా లేకుండా వచ్చాడు,
ప్లాస్టిక్ కవర్లో కేజీహెచ్ కాగితాలతో.
అసిరమ్మ రొమ్ములో గడ్డ.
"మీరు సదుగుతారు కదా ఇలాటివి."

చదివాను.
కాగితంలో లేనిది కూడా చదివాను.
అవే చీటీలు, అవే మరలు,
పట్టుకునే చెయ్యి పట్టు తప్పింది.
హార్బరు మాస్టరు లేని రేవు.
ఓడలన్నీ ఒక్కసారే లోపలికి,
క్రేన్లు ఆగవు,
దింపిన సరుకు మీదే మళ్ళీ సరుకు.

ఇదంతా అతనికి చెప్పబోయి తడబడితే
అతనే అన్నాడు,
"అంటే నిషేధం ఎరగని బోటన్నమాట."
కాసేపాగి,
"సముద్రమే రెండు నెల్లు ఊరుకుంటాది కదమ్మా,
దీనికేటొచ్చింది?"

అగనంపూడి ఆస్పత్రిలో మూడో సెలైన్ తర్వాత
అసిరమ్మ జుట్టు దిండు మీదే ఉండిపోయింది.
ఫిషింగ్ హార్బర్లో వంజరం బేరం దగ్గర
ఎవడికీ లొంగని నోరు,
పుళ్ళతో మజ్జిగ కూడా మింగలేకపోతోంది.
"గడ్డ ఒకకాడైతే నోరేటి సేసింది?"
రేవు మూసేస్తే దొంగ ఓడే కాదు,
బియ్యం ఓడ కూడా ఆగిపోతుందన్నాను.
ఆమె నవ్వలేదు.
"అయితే దొంగోడ పేరు కనుక్కో.
నీకు జీతం దేనికిస్తన్నారు?"

దానికే.
నా గిన్నెల్లోనూ అంతే:
మందు వేస్తే చదవడం ఆగుతుంది, గీత పడదు,
పిండం ఒంటికణంగా నిలబడిపోతుంది.
గడ్డని ఆపి బిడ్డని ఆపని
ఆ ఒక్క చుక్క కోసం
నోట్‌బుక్ నిండా కొట్టివేతలు.

జూన్ పధ్నాలుగు రాత్రి
తలకి తువ్వాలు చుట్టుకుని అసిరమ్మ ల్యాబుకొచ్చింది.
"వీటికోసం మా ఆయన కాళ్ళు సిల్లులు సేసుకున్నాడు,
ఏటుందో సూద్దారని."
ఒక కన్ను మూయడం చేతకాక
అరచేత్తో కప్పుకుని
మైక్రోస్కోపు మీదకి వంగింది.
పొద్దుటి గుడ్డు ఇప్పుడు బోలు బంతి,
ఒళ్ళంతా నూగుతో గిర్రున తిరుగుతోంది.
"దీనికి జుట్టొచ్చీసిందే!"
చాలాసేపు చూసింది.
"ఇది పెరిగిపోతాదా ఇలాగే?"
లేదు, నెమ్మదిస్తుంది,
నెమ్మదించి, నోరెక్కడో ముల్లెక్కడో తేల్చుకుంటుంది.
"ఎవురు సెప్పారు దానికి నెమ్మదించమని?"

పన్నెండయింది.
కిటికీ అవతల, దిగువన,
ఇంజన్లు ఒక్కొక్కటే అందుకున్నాయి.
లెన్సు మీంచి కన్ను తియ్యకుండానే
వేళ్ళతో లెక్కపెట్టింది.
"మాది ఇంకా దిగలేదు."